అడుగున రాసిన పేర్లు

మా జంతుశాస్త్రం సారు పోయిన సంగతి హిందూపురం స్టేషన్‌లో తెలిసింది. ధర్మవరం పాసింజరు దిగిన కాలేజీ గుమాస్తా, "ఏమప్పా, పెనుకొండలో మీ పురుగుల సారు పోయినాడంట" అని చెప్పి, సంచి ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

ఈ సంతాపసభకు వచ్చిన మీలో చాలామంది ఆయన దగ్గర చదివినవాళ్లే. నేను చదవలేదు. డెబ్బైల చివర నుంచి ఆయన ల్యాబులో అటెండరును, గాజుసామాను కడిగినవాణ్ని. ఆయన మట్టిలోంచి తీసిన నులిపురుగులను, గడ్డకట్టిన జిగురు పరిచిన గాజుపళ్లేల్లో పెంచేవారు. వెంట్రుక తునకంత కూడా ఉండవు. గొర్రెలకు తాగించే నట్టల మందు చుక్క వేస్తే కట్టెల్లా బిగుసుకుపోయేవి. ఒక్క పళ్లెంలోవి మాత్రం, వాటి పిల్లలతో సహా, ఏమీ పట్టనట్టు పాకేవి.

"నరం కేకేస్తే కండ విని ముడుచుకుంటాదప్పా. ఈ మందు నరం గొంతుతోనే ఆపకుండా కేకలేస్తాది. వీటి కండకు చెవి మందం. అది పుట్టుకతో వచ్చినాది" అన్నారు సారు.

"మా ఇంటిదాని కేకలకు నాకూ ఆ మందం ఉంటే బాగుండు సార్" అన్నాను. ఆయన నవ్వలేదు.

పళ్లేల పేర్లు ఆయన మూతల మీద రాసేవారు. మూత కనపడితే నా చేయి ఊరుకోదు. ఒకనాడు ఆ పళ్లెం మూతనూ మామూలు పురుగుల మూతనూ మార్చి, తమాషా చూద్దామని నిలబడ్డాను. సారు మందు వేశారు. బిగుసుకోవలసినవి పాకాయి, పాకవలసినవి బిగుసుకున్నాయి.

తిడతారనుకున్నాను. ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"ఎప్పుడో నేనే తారుమారు చేసినట్టుండాను. ఇంక ఈ మూడేండ్లు రాసుకున్న లెక్కలేవీ నమ్మేదానికి లేదు. రెండూ ఉడికించి పారేయప్పా."

ఉడికిస్తే ఆ సంతతి పోయినట్టే. వాటికి మేత వేయడానికి ఆదివారం కూడా పెనుకొండలో రైలెక్కి వచ్చే మనిషి ఆయన. పళ్లేలను ల్యాబు కుక్కరులో పెట్టి, మూత బిగించబోయి ఆగాను.

"మూతలు మార్చింది నేనే సార్. పొద్దున."

ఆయన నావైపు చూడలేదు, పళ్లేలవైపు చూశారు. "నువ్వు మార్చినా అవి మారలేదు, సూడు" అన్నారు. ప్రిన్సిపాలుకు చెప్పలేదు. పళ్లేలు బోర్లా పట్టుకొమ్మని, మైనపు పెన్సిలుతో పేర్లన్నీ అడుగున రాశారు.

కర్మ రోజు పెనుకొండలో, సారు భార్య నన్ను వంటింట్లో ఉప్పు డబ్బా అందివ్వమన్నారు. అన్నీ ఒకే రకం డబ్బాలు. మూతల మీద ఏమీ లేదు.

"అడుగున సూడప్పా. ఆయన మూత మీద రాయనిచ్చేవాళ్లు కాదు. యాడ నేర్చుకున్నారో ఈ పిచ్చి!"

ఎత్తి చూశాను. ఉప్పు. పక్కది చక్కెర. ఆమెకు ఉప్పు ఇచ్చాను. డబ్బా తిరిగి వచ్చాక, ఎవరూ చూడకుండా రెండింటి మూతలూ మార్చాను.

అడుగున ఆయన అక్షరాలు అట్లాగే ఉన్నాయి.