అత్త లెక్కపెట్టిన ఈగలు

మా దీవిలోని ఫెరార్గంజ్‌లో మా మేనత్త ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే కాకర పందిరికి కట్టిన ఎర సీసా దించి, అందులో చచ్చిన పండు ఈగలను స్టీలు పళ్ళెంలో పోసి చీపురుపుల్లతో లెక్కపెట్టేది. ఆ పళ్ళెం వేరే అని ఒట్టేసేది. అయినా మేము ఆ ఇంట్లో అరిటాకే అడిగేవాళ్ళం.

ఈగలు వానల్లోనే పెరుగుతాయని ఊరి నమ్మకం. ఒక ఏడు మండుటెండల్లోనే లెక్క రెండింతలైంది. ఆ పంటే అత్తకు ఏడాదికి ఆధారం. ఈగ గుడ్డు పెట్టకముందే కాయలన్నీ లేతగా కోసి అమ్మేసి, అప్పటికే పుచ్చినవాటిని లోతుగా పూడ్చేసింది.

"దీదీ, పాగల్ అయ్యావా? బారిష్ రానే లేదు, వాన లేకుండా ఈగలేంటి? కాయ పెరగనీ!" అన్నాడు పక్క తోటాయన.

"నేను చెప్పట్లేదు భయ్యా, పళ్ళెం చెప్తోంది."

అమ్మగా మిగిలినవి మాకొచ్చాయి. వారమంతా కాకరకాయే. ఈగలు కూడా అన్ని తిని ఉండవు.

పదిరోజులకు పక్క తోటలో ఏ కాయ కోసినా పురుగులే. అత్తకు మాత్రం అప్పటికే పంట డబ్బు చేతికొచ్చింది. ఆ ఆదివారం ఆయన ఖాళీ సీసాతో అత్త గుమ్మంలో నిలబడ్డాడు.

"దీదీ, నాకూ ఆ లెక్క నేర్పు."

ఈమె మేనల్లుడిని నేనేనని గట్టిగా చెప్పుకుందామని లేచాను.

"లేచావుగా," అంది అత్త, "ఆ కుర్చీ ఆయనకి వెయ్యి."