టేపక్క కంటికొలత

ఆ బట్టల దుకాణంలో రెండో అంతస్తు మెట్లెక్కగానే కుడివైపు ఒక ముదురు నీలం తెర కనిపిస్తుంది. దాని వెనకున్నది ఆడవాళ్ళ లోదుస్తుల విభాగం. అక్కడ టేపక్క మాటే మాట. ఆ పేరు ఆమెకు వెటకారంగా వచ్చింది. కర్టెన్ల దగ్గర టేపు ఉండేది, ప్యాంట్లు సరిచేసే మూలనా ఉండేది, ఆమె కౌంటర్ మీద మాత్రం ఉండేది కాదు. వచ్చినావిడ తెర తొలగించి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి "అక్కా, అదీ..." అంటుండగానే టేపక్క చూపు ఆమెను భుజాల నుంచి నడుం దాకా ఒక్కసారి తడిమేది. "ముప్పయ్యారు" అనేది. పెట్టె వచ్చేది, సంచీలో పడేది, ఆవిడ మెట్లు దిగేది. అక్కడికి వచ్చేవాళ్ళలో చాలామందికి సరిపోయే బట్ట కన్నా ముందు కావలసింది, నోరు తెరవకుండా బయటపడటం. టేపక్క వాళ్ళకు ఆ మేలు చేసిపెట్టేది.

ఈ విద్య ఆమెకు అంతకుముందు ఆ కౌంటర్ చూసిన పెద్దక్క నుంచి వచ్చింది. "మనిషి ఒంటిమీద చెయ్యి వెయ్యకూడదు, అది మర్యాద కాదు. రొమ్ముల కింద చుట్టుకొలత ఎంతుంటుందో కంటితో అంచనా కట్టు. దానికి నాలుగు కలుపు. పట్టలేదని వస్తే ఇంకో రెండు కలుపు. అంతే, ఇందులో బ్రహ్మవిద్యేం లేదు" అని చెప్పి పెద్దక్క పని మానేసింది. నాలుగే ఎందుకు కలపాలో పెద్దక్కను ఎవరూ అడగలేదు, టేపక్కా అడగలేదు. పెట్టెల మీద అంకె పక్కన ఏ, బీ, సీ అని అక్షరాలుండేవి. రొమ్ము ఇమిడే గిన్నె, అంటే కప్పు, లోతును చెప్పే ఆ అక్షరాలను పెద్దక్క కంపెనీవాళ్ళ గోలగా కొట్టిపారేసింది. యజమాని ఇంకో అడుగు ముందుకేసి, బీ తప్ప మరో అక్షరం తెప్పించడమే మానేశాడు. ఆ ప్రకారం, ఆ దుకాణానికి వచ్చే స్త్రీలందరికీ చుట్టుకొలత వేరువేరుగా ఉండవచ్చు గానీ రొమ్ములు మాత్రం ఒకే తీరున ఉండాలి. వాళ్ళ వాదన వినకుండానే ఇచ్చిన తీర్పు ఇది. దీని మీద అప్పీలు కూడా లేదు.

కొన్నేళ్ళుగా టేపక్కకు కుడి భుజం పట్టేస్తోంది. మొదట్లో వయసు అనుకుంది, తర్వాత పడుకున్న తీరు అనుకుంది. చివరికి చెయ్యి చెవి దాటి పైకి లేవనని మొండికేసింది. పెద్ద అంకెల పెట్టెలన్నీ పై అరలలో ఉండేవి. ఆమె స్టూలు ఎక్కడం మొదలుపెట్టింది, ఆ తర్వాత పక్క కౌంటర్ వాళ్ళను బతిమాలడం మొదలుపెట్టింది. యజమాని అది గమనించాడు.

"అక్కా, చెయ్యే లేవకపోతే కౌంటర్ ఎట్లా నడుస్తుంది చెప్పు? కింద తువ్వాళ్ళ దగ్గరైతే అన్నీ నడుం ఎత్తులోనే ఉంటాయి. హాయిగా ఉంటావ్. ఆలోచించుకో."

హాయి అన్న మాట ఆమెకు ముల్లులా దిగింది. తువ్వాలు ఎవరైనా అమ్మగలరు. తెర వెనక కౌంటర్ వల్లే ఆమె ఆ వీధుల్లో ఒక మనిషి అయింది. కాలేజీ పిల్లలు, నర్సులు, పెద్ద పెద్ద ఇళ్ళ ఇల్లాళ్ళు దారిలో ఎదురైతే ఆగి పలకరించేవాళ్ళు. వాళ్ళ ఇంట్లో మగవాళ్ళకు కూడా తెలియని అంకె ఆమెకు తెలుసు. ఆ చోటు పోతే తనకు మిగిలేది జీతం మాత్రమేనని ఆమెకు స్పష్టంగా తెలుసు. అందుకే, మాత్రలు పని చేయకపోయేసరికి, ఎముకల డాక్టర్ రాసిచ్చిన ప్రకారం ఫిజియో మేడమ్ దగ్గరికి వెళ్ళింది.

ఆ మేడమ్ ఆమెను గోడవైపు తిరిగి కూర్చోమని, భుజాల మీద బట్ట తొలగించి చూసింది.

"ఈ గాడులేంటండీ?"

"అవా? పట్టీల గుర్తులు మేడమ్. అందరికీ ఉంటాయి."

"అందరికీ ఉండబట్టే నా దగ్గర ఇంత రద్దీ. ఏం సైజు వేసుకుంటారు?"

"ముప్పై ఎనిమిది."

"ఎవరు కొలిచారు?"

టేపక్కకు నవ్వొచ్చింది. "భలేవారే! ఈ ఊళ్ళో సగం మందికి సైజు చెప్పేది నేనేనండీ. నాకు ఇంకొకళ్ళు కొలవాలా?"

"అయితే మిమ్మల్ని ఎవరూ కొలవలేదన్నమాట" అని మేడమ్ వెనక పట్టీ కిందికి చెయ్యి పోనిచ్చింది. "ఇక్కడ రెండు వేళ్ళు పట్టాలి. నా పిడికిలే పట్టింది. ఇది బిగువు లేక వీపు మీద పైకి పాకిపోయింది. బరువు మొయ్యాల్సింది ఇది. ఇది సెలవు పెట్టి కూర్చుంటే భుజాలు రెండు డ్యూటీలు చేస్తున్నాయి. వ్యాయామాలు నేర్పిస్తాను గానీ, ముందు ఇంటికెళ్ళి టేపు పెట్టి కొలుచుకోండి." కొలిచే పద్ధతి కూడా చెప్పింది. చిన్నపిల్లకు చెప్పినట్టు, రెండుసార్లు. అది టేపక్కకు తలకొట్టేసినట్టయింది.

వారపు సెలవు రోజు మధ్యాహ్నం, భర్త పనికి వెళ్ళాక, ఆమె అత్తగారి దగ్గరికి వెళ్ళింది. అత్తగారు చిన్నపిల్లల గౌన్లు కుడుతుంది. టేపు ఆమె మెడలోనే ఉంటుంది.

"అత్తయ్యా, టేపు ఇటివ్వండి."

"ఎవరికే?"

"నాకే."

"నీకా!" అత్తగారు కుట్టుమిషన్ ఆపేసింది. "నీ కళ్ళకేమన్నా జబ్బు చేసిందా?"

"ఎగతాళి తర్వాత చేద్దురు గానీ, ముందు తలుపేసి రండి."

పలుచటి బాడీ ఒక్కటే ఒంటిమీద ఉంచుకుని టేపక్క అద్దం ముందు నిలబడింది. రొమ్ముల కింద, నేలకు సమంగా, వీపు మీద జారకుండా టేపు చుట్టాలి. ఊపిరి వదిలి, బిగించి చదవాలి. అత్తగారు చుట్టింది.

"గాలి వదులు. వదిలావా? మళ్ళీ పీలుస్తావేం, ఎవరు చూస్తున్నారని ఆ బడాయి? ఆఁ... ముప్పై మూడున్నర."

"కాదు."

"కాదంటే? అంకెలు నాకు కొత్తా?"

"మీ టేపు సాగిపోయి ఉంటుంది. సాగిన టేపు తక్కువ చూపిస్తుంది."

ఆ అభ్యంతరం న్యాయమైనదే. పాత గుడ్డ టేపులు నిజంగానే సాగుతాయి. అత్తగారు ఉక్కు స్కేలు తెచ్చి టేపు పక్కన పరిచింది. గీతకు గీత సరిపోయింది. అప్పుడు టేపక్క మీరు మరీ బిగించి లాగారంది. అత్తగారు టేపు ఆమె చేతికిచ్చి పక్కకు తప్పుకుంది. టేపక్క స్వయంగా చుట్టుకుని, అద్దంలో వీపు చూసుకుని, సరిచేసి, మళ్ళీ చదివింది. ముప్పై మూడున్నరే వచ్చింది. పట్టీలకు సరి అంకెలే ఉంటాయి కనుక ముప్పై నాలుగు. ఇక చెప్పడానికి అభ్యంతరాలేవీ ఆమె దగ్గర మిగల్లేదు.

తర్వాత నడుం దగ్గర ముందుకు వంగి, రొమ్ముల ఎత్తు ఎక్కువున్న చోట టేపును నొక్కకుండా చుట్టింది. ముప్పై తొమ్మిది. ముప్పై నాలుగుకూ దీనికీ తేడా ఐదు. తేడా అంగుళం అయితే ఏ, రెండయితే బీ, మూడయితే సీ, నాలుగయితే డీ అని మేడమ్ చెప్పింది. ఐదుకు డీని రెండుసార్లు రాస్తారట. టేపక్క మంచం అంచున కూర్చుని పెద్దక్క లెక్కను ఇంకోసారి చేసి చూసింది. ముప్పై నాలుగుకు నాలుగు కలిపితే ముప్పై ఎనిమిది. ఇక తేడా ఒక్క అంగుళమే. పెద్దక్క కింద కలిపిన నాలుగూ పైన ఉండాల్సినవి. వీపు దగ్గర వదులుగా వేలాడిన గుడ్డ రొమ్ముల దగ్గర కరువైంది. ఇందులో చూపు మోసం చేసిందేమీ లేదు. చూపు సరిగానే చూసింది, ఆ తర్వాత ఆమె చేతులారా నాలుగు కలిపింది.

"నాకూ కొలువు" అంది అత్తగారు.

"మీకెందుకు?"

"ఎందుకేంటే? నేను వేసుకునేవి నువ్వు తెచ్చినవే కదా. చంకల కింద కోసుకుపోతుంటే వయసు మీద పడ్డప్పుడు ఇంతేలే అనుకున్నా."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నువ్వు చూసి చెప్పేశావాయె. కాదంటే నీ పనిని కాదన్నట్టు ఉండదూ?"

టేపక్క టేపు తీసి అత్తగారి చుట్టూ చుట్టింది. ఇంట్లో మనిషే చెప్పలేకపోయింది. తెర పక్కకు తీసి మళ్ళీ వచ్చినవాళ్ళు, "అక్కా, కొంచెం ఇక్కడ..." అని నీళ్ళు నమిలినవాళ్ళు, ఆమెకు ఒక్కొక్కరుగా గుర్తొచ్చారు. వాళ్ళందరికీ ఆమె ఇచ్చిన జవాబు ఒకటే: ఉతికితే సర్దుకుంటుంది.

ఆమె సైజు, దుకాణానికి కంపెనీ సరుకు తెచ్చే ఏజెంట్ సంచీలోనే దొరికింది. "ఎప్పుడూ తెస్తూనే ఉన్నానక్కా, మీ వాళ్ళే వద్దంటారు" అన్నాడు అతను. అన్నిటికన్నా వదులైన చివరి కొక్కెం మీదే వీపు పట్టీ బిగిసింది, మధ్య ముక్క రొమ్ము ఎముకకు ఆనింది, భుజం పట్టీల కింద వేలు సులువుగా కదిలింది. దానికి వ్యాయామాలు తోడయ్యాయి. చలికాలం వెళ్ళేసరికి ఆమె పై అర నుంచి పెట్టెలు తనే దించుకుంటోంది. తువ్వాళ్ళ మాట యజమాని ఎత్తడం మానేశాడు. ఆమె చోటు ఆమెకు దక్కింది. దాన్ని నిలుపుకోవడానికి ఇకపై చేయవలసింది ఒక్కటే: నోరు మూసుకుని ఉండటం.

ముందు ఆమె మర్యాదగానే ప్రయత్నించింది. మిగతా అక్షరాలు కూడా తెప్పించమని యజమానిని అడిగింది.

"ఎందుకక్కా, డబ్బాలు పేర్చుకోవడానికా? ఇన్నేళ్ళలో సైజు బాలేదని ఒక్కళ్ళన్నా వాపసు ఇచ్చారా?"

"వాపసు తీసుకోబడదని బోర్డు పెట్టింది మీరే కదండీ."

యజమాని ఆమెను ఎగాదిగా చూసి, ఫోన్ మోగినట్టు నటిస్తూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకు పంతులమ్మ వచ్చింది. టేపక్క ఆ కౌంటర్‌కు వచ్చిన కొత్తల్లో నుంచీ ఆమె ఖాతాదారు. బోర్డు మీద రాసి రాసి భుజాలు గుంజుతాయని వచ్చినప్పుడల్లా చెప్పుకునేది. ఆ పూట కౌంటర్ ముందు మరికొందరున్నారు.

"ఎప్పటిలాగే నలభై ఇవ్వవే, త్వరగా వెళ్ళాలి" అంది పంతులమ్మ, జారిన పట్టీని బట్ట పైనుంచే సర్దుకుంటూ.

టేపక్క చెయ్యి పై అరలోని పెట్టె దాకా వెళ్ళింది. దాన్ని ముట్టుకుని, తీయకుండానే వెనక్కి వచ్చింది. ఆమె సొరుగు లాగి, ఇంటి నుంచి తెచ్చి దాచుకున్న టేపు బయటికి తీసింది.

"అమ్మా, ఒక్క నిమిషం లోపలికి రండి. కొలుస్తాను."

"కొలవడమేంటి? నీకు తెలియదా?"

"తెలుసనుకున్నాను."

బట్టలు వేసి చూసుకునే చిన్న గదిలో టేపక్క ఆమెను కొలిచింది. ఊపిరి వదలమంది, వంగమంది, రెండుసార్లు చూసింది. కింద ముప్పై ఆరు, పైన నలభై రెండు.

"మీ సైజు మా దగ్గర లేదండీ. ఇన్నాళ్ళూ నేనిచ్చింది మీది కాదు. మీ భుజాల నొప్పికి అది కూడా ఒక కారణమై ఉంటుంది. ఇవాళ ఇక్కడేం కొనకండి."

పంతులమ్మ ముఖం కందిపోయింది. తెర విసురుగా తోసుకుని బయటికి వచ్చింది. "ఇన్నేళ్ళు అంటగట్టి ఇప్పుడా చెప్పేది? నీ మాట నమ్మి మా అక్కచెల్లెళ్ళందర్నీ ఇక్కడికే లాక్కొచ్చానే! నువ్వేం చెప్పినా తలూపినందుకు నాకు బాగా బుద్ధి చెప్పావ్!" ఆమె గొంతు మెట్ల కింది దాకా వినిపించింది. ఇంకో ఇద్దరు చేతిలోని పెట్టెలు కౌంటర్ మీద పెట్టేసి ఆమె వెంటే దిగిపోయారు.

యజమాని ఒక్క ఉదుటున పైకి వచ్చాడు.

"ఏంటక్కా ఇది? ఉన్నది అమ్మడానికి జీతమిస్తున్నా గానీ లేదని చెప్పడానికి కాదు. పోయి ఆవిడకు సారీ చెప్పి, నలభై ఇచ్చి పంపించు."

"సారీ చెప్తానండీ. చెప్పాల్సిందే. నలభై మాత్రం ఇవ్వను."

"ఏం, ఒళ్ళెట్లా ఉంది?"

"బాగుందండీ. చెయ్యి కూడా లేస్తోంది."

"అయితే ఆ చెయ్యి కింద తువ్వాళ్ళ దగ్గర పనికొస్తుంది. రేపట్నుంచి నువ్వు అక్కడే."

ఆమె టేపు చుట్టి చేతిసంచిలో వేసుకుని మెట్లు దిగింది.

తువ్వాళ్ళ దగ్గర ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడరు. పొడుగెంత, రంగు పోతుందా, రెండు కొంటే తగ్గిస్తారా అని అందరూ పైకే అడుగుతారు. పై కౌంటర్‌లో కొత్తగా వచ్చిన అమ్మాయికి నాలుగు కలపమని యజమానే నేర్పాడని కూడా టేపక్క విన్నది. దారిలో పలకరించేవాళ్ళు తగ్గారు. కొందరు చూసీ చూడనట్టు వెళ్ళిపోయేవాళ్ళు. అది తనకు రావలసిందేనని ఆమె అనుకునేది, అయినా అలవాటు కాలేదు.

ఎండలు ముదిరాక ఒకరోజు పంతులమ్మ మళ్ళీ వచ్చింది. మెట్లవైపు పోకుండా నేరుగా తువ్వాళ్ళ దగ్గరికొచ్చింది. వెంట ఆమె పోలికలే ఉన్న ఇంకొకావిడ ఉంది.

"మా చెల్లెలు. నువ్వు చెప్పిన సైజు ఎక్కడెక్కడో తిరిగి పట్టుకున్నాను. ఇంకా నీ మీద కోపం పోలేదు, ఆ సంగతి వేరు. దీన్ని కొలువు."

"కొలుస్తాను గానీ, అమ్మడానికి నా దగ్గర తువ్వాళ్ళే ఉన్నాయండీ."

"కొనుక్కోవడం మా తిప్పలు. నువ్వు అంకె, అక్షరం రెండూ చెప్పు చాలు. పైన గదిలోకి వెళ్దామా?"

"ఆ గది ఇప్పుడు నాది కాదు."

టేపక్క దుప్పట్ల బేళ్ళ వెనకనున్న సందు చూపించి, అన్నిటికన్నా పెద్ద తువ్వాలు మడత విప్పి పంతులమ్మ చేతికిచ్చింది. పంతులమ్మ దాని రెండు కొసలూ పట్టుకుని, చేతులు బార్లా చాపి, సందుకు అడ్డంగా నిలబడింది. నగదు బల్ల దగ్గర యజమాని మెడ సాచి చూస్తున్నాడు. పంతులమ్మ అతని వైపు గుడ్లురిమింది. అతను తల తిప్పుకున్నాడు.

తువ్వాలు వెనక నుంచి చెల్లెలి గొంతు బెరుకుగా వినిపించింది. "ఈసారి కూడా తప్పయితేనో?"

"తప్పయితే వచ్చి చెప్పండి" అంది టేపక్క, వీపు మీద టేపును సరిచేస్తూ. "మళ్ళీ కొలుస్తాను."