రెండో మాట ఎవరు చెప్పాలి

2014 ఏప్రిల్ 17, గురువారం. సాయంత్రం మా చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే బల్లారాధన ముగిశాక, గుడి పక్క గదిలో సంఘ కమిటీ సమావేశం. హాజరైనవారు: స్టీవార్డు శామ్యూల్, కార్యదర్శి ప్రభాకర్, స్త్రీల సమాజం తరఫున రూతమ్మ, అధ్యక్షత వహించిన నేను. కమిటీ సభ్యుడు కాకపోయినా నేను పిలిపించగా వచ్చినవాడు లాజర్.

బోధన్ దగ్గరి చెరకు ఊళ్ల సర్క్యూటుకు నేను పాస్టరుగా వచ్చి అప్పటికి మూడో ఏడు. సర్క్యూటంటే ఒకే పాస్టరు చూసుకునే కొన్ని ఊళ్ల సంఘాలు. పాస్టరును పైనుంచి నియమిస్తారు. సంఘ పెద్ద అయిన స్టీవార్డును ఊరి సంఘం ఎన్నుకుంటుంది. పాస్టరు మారిపోతుంటాడు, స్టీవార్డు ఊళ్లోనే ఉంటాడు. ఆరాధనలో ఎవరు మాట్లాడాలో నిర్ణయించేది నియమం ప్రకారం పాస్టరే. స్టీవార్డు ఒప్పుకోకపోతే మాత్రం ఆ నియమం కాగితం మీదే ఉంటుంది.

మరునాడు శుభ శుక్రవారం. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలను ఆ రోజు ఏడుగురు వరసగా వివరిస్తారు. మొదటి మాట, తనను చంపుతున్నవారిని క్షమించమని తండ్రిని అడగడం. అది ఏళ్లుగా శామ్యూల్‌ది. రెండోది, పక్క సిలువ మీది దొంగకు పరదైసులో, అంటే స్వర్గంలో, చోటిస్తాననడం. ఏటా దాన్ని చెప్పే పెద్దాయనకు జ్వరం వచ్చింది. ఆ మాటను నేను లాజర్‌కు ఇచ్చాను.

లాజర్ ట్రాక్టరు డ్రైవరు. అంతకు రెండేళ్ల ముందు మరో ఇద్దరితో కలిసి బావుల దగ్గరి కరెంటు మోటార్లు ఎత్తుకెళ్లి జైలుకు పోయాడు. వాటిలో ఒకటి శామ్యూల్‌ది. ఆ ఎండాకాలం శామ్యూల్ చెరకు నీళ్లు లేక నిలువునా ఎండింది. జైలు నుంచి వచ్చాక లాజర్ ఒక్క ఆదివారం కూడా తప్పకుండా గుడికి వస్తున్నాడు, చివరి వరసలో కూర్చుంటున్నాడు.

సమావేశం మొదలవగానే శామ్యూల్ లేచాడు. "లాజరు పీఠమెక్కితె నేను బయటికి పోత. నా మోటరు ముచ్చట కాదయ్యగారు, వాక్యం ముచ్చట. మత్తయిల సూడుండ్రి, మార్కుల సూడుండ్రి. దొంగలిద్దరు గూడ తిట్టిండ్రనే ఉంది. మారిన దొంగ ఒక్క లూకల్నే ఉన్నడు. ఇద్దరు సాక్షుల మాట పక్కకు వెట్టి ఒక్కని మాట ఎట్ల వట్టుకుంటం?"

ఆయన చెప్పింది తప్పు కాదు. యేసు కథను నాలుగు సువార్తలుగా రాసిన నలుగురిలో మత్తయి, మార్కు ఇద్దరూ సిలువ వేయబడిన దొంగలు కూడా యేసును నిందించారని రాశారు. లూకా మాత్రం ఒకడు దూషించాడని, రెండోవాడు వాణ్ని మందలించి యేసును వేడుకున్నాడని రాశాడు.

ప్రభాకర్ బడి పంతులు, గొడవలంటే గిట్టని మనిషి. రెంటినీ కలిపేద్దామన్నాడు. "మొదలు ఇద్దరు తిట్టిండ్రు, తర్వాత ఒకడు మారిండు. గట్ల చెప్తె అయిపాయె గద."

లాజర్ గోడకు ఆనుకొని నిలబడ్డాడు. "అయ్యగారు, నాకు గిది తెల్వదు. జైల్ల మీరిచ్చిన పుస్తకంల లూకనే సదివిన. గా దొంగను సూసుకొనే గుడి మెట్లెక్కిన. గది పక్కా కాదంటె నేను శెప్ప. శెప్పుడే కాదు, ఇగ వచ్చుడు గూడ…" అని ఆపేశాడు.

అతను మళ్లీ గుడికి వస్తాడా రాడా అన్నది ఆ సాయంత్రమే తేలేలా ఉంది. ఇలాంటప్పుడు సముదాయించే మాటలు పనిచేయవని అనుభవం. మాకు చదువు చెప్పిన గురువు ఒక పద్ధతి నేర్పారు: సువార్తలు తేడాగా కనిపించినప్పుడు ముందుగా కలపవద్దు. ఒక్కొక్కదాన్నీ ఆ ఘట్టం చివరిదాకా చదివి, అందులో ఏముందో అంతే చెప్పాలి. పక్క సువార్తలోది ఒక్క మాట కూడా అరువు తేవద్దు.

నాలుగు బైబిళ్లు బల్ల మీద పెట్టాను. మత్తయి శామ్యూల్‌కు, మార్కు రూతమ్మకు, లూకా ప్రభాకర్‌కు, యోహాను లాజర్‌కు ఇచ్చి, ఎవరి దానిలో ఉన్నది వారే చెప్పాలన్నాను. లాజర్ చదవడం పూర్తిచేసి, "ఇండ్ల దొంగలు ఏమన్నరో లేనే లేదు. అటొకరు ఇటొకరు అని ఉంది, అంతే," అన్నాడు.

"నలుగురు పోయి ఒక పెండ్లి సూసొస్తె ఒకామె కూర ముచ్చట చెప్తది, ఒకామె కొట్లాట ముచ్చట చెప్తది. గిదీ గంతే," అంది రూతమ్మ.

అంతే కాదన్నాను. కూర ముచ్చట కొట్లాట ముచ్చటను కాదనదు. ఇక్కడ ఇద్దరూ తిట్టారని ఒకచోట, ఒకడే తిట్టాడని మరోచోట ఉంది. ఆ తేడాను తేడాగానే ఒప్పుకోవాలి.

తరువాత, ఏడు మాటల్లో ఎవరి దానిలో ఎన్ని ఉన్నాయో లెక్క చెప్పమన్నాను. మత్తయిలో ఒకటి, మార్కులో అదే ఒకటి: దేవా, నన్నెందుకు విడిచావు అన్న నాలుగో మాట. లూకాలో మూడు, యోహానులో మరో మూడు. ఏటా ఒకే వరసలో వినీ వినీ, ఏడూ ప్రతి సువార్తలోనూ ఉంటాయనే అందరూ అనుకున్నారు.

శామ్యూల్ లూకాను తన ముందుకు లాక్కుని వేలు పెట్టి చూశాడు. "అంటె నా మాట గూడ ఒక్క లూకల్నేనా?"

"నీదే కాదు శామేలన్నా, యోహాను ఒక్కడే రాసిండని నాది గూడ పాయె," అంది రూతమ్మ. ఆమెది మూడో మాట. "నీ లెక్కన ఇద్దరు రాసింది అయ్యగారు చెప్పే నాలుగో మాటొక్కటే, రేపు అయ్యగారొక్కరే చెప్పాలె. మూడు గంటలు నిలవడి చెప్పుండ్రి అయ్యగారు."

ప్రభాకర్ నవ్వాడు. శామ్యూల్ నవ్వలేదు. ఈ లెక్క దొంగల విషయాన్ని తేల్చదని నేనే అన్నాను. ఇద్దరు సాక్షులుండాలన్నది న్యాయస్థానపు నియమం, సువార్తలు రాసినవారు పనిచేసిన తీరు వేరు. మార్కు, అతనితోపాటు మత్తయి, యేసు ఎంత ఒంటరివాడయ్యాడో చూపిస్తున్నారు: దారినపోయేవారు, యాజకులు, చివరికి పక్కన వేలాడుతున్నవారు కూడా ఆయన వైపు లేరు. లూకా మొదటి నుంచీ జనం వెలివేసినవాణ్ని యేసు చేర్చుకోవడం చూపిస్తూ వచ్చాడు. సిలువ దగ్గరా అదే చూపించాడు. రెంటినీ ఒక్కటి చేస్తే మార్కు చూపిన ఒంటరితనం పోతుంది, లూకా చూపిన దొంగ పలచబడతాడు. ప్రభాకర్ చెప్పిన సర్దుబాటు పాతదే, జరిగి ఉండవచ్చు కూడా. కాని ఆ నలుగురిలో ఎవరూ అలా రాయలేదు.

"మరి గా దొంగ మొదలు తిట్టిండా, తిట్టలేదా?" అని లాజర్ సూటిగా అడిగాడు.

తెలియదన్నాను.

అతను తల గోక్కున్నాడు. "నేనైతె తిట్టిన. మీరు జైలుకు వచ్చిన తొలిసారి."

"గట్టిగానే తిట్టినవు," అన్నాను. "అది నీ సంగతి. నీదిగా చెప్పు, లూకాలో ఉందని మాత్రం చెప్పకు. రేపు ముందు మత్తయి చదువు, తరువాత లూకా చదువు. ఏదీ దాచకు." శామ్యూల్ లూకాను మూసి ప్రభాకర్ ముందుకు తోశాడు. టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. ఆయన ఒప్పుకున్నట్టు చెప్పలేదు కనుక నిర్ణయం కమిటీదిగా కాక నాదిగానే మినిట్సులో రాయించాను.

తరువాత బోధకులకు శిక్షణ ఇచ్చిన ఏళ్లలో ఈ పద్ధతినే పాటించాను. వాక్యంలో తేడాను కప్పిపెట్టి నిలబెట్టిన విశ్వాసం, ఎవరో ఒకరు ఆ తేడాను చూపించేదాకానే నిలుస్తుంది. తేడా ఉందని ముందే చెప్పినవారి దగ్గరికి మనుషులు మళ్లీ ప్రశ్నలతో వస్తారు. ఆ సమావేశం వల్ల నాకు తెలిసింది ఇంతే.

మర్నాడు పొద్దున పది గంటలకు ఆరాధన మొదలైంది. శామ్యూల్ మొదటి మాట చెప్పాడు, ఎప్పటికన్నా క్లుప్తంగా. దిగి వచ్చి తన కుర్చీలో కాకుండా తలుపు పక్కన కూర్చున్నాడు. లాజర్ పీఠమెక్కి ముందు మత్తయి చదివాడు, దొంగలు నిందించిన చోటు. తరువాత లూకా చదివాడు. "రెండు తీర్ల ఉంది. ఎందుకో అయ్యగారికి గూడ పూర్తిగ తెల్వదు," అన్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి చిన్న నవ్వు వినిపించింది. "నేను మాత్రం రెండిట్ల ఉన్న. ఈడ కూసున్నోళ్ల మోటరు ఎత్తుకపోయిన. నన్ను సూడ వచ్చిన అయ్యగారిని తిట్టిన. తర్వాత అడుక్కున్న." ఇంకేమీ చెప్పకుండా దిగిపోయాడు.

శామ్యూల్ లేవలేదు. ఏడో మాట అయ్యేదాకా తలుపు పక్కనే ఉన్నాడు. జనమంతా వెళ్లాక నా దగ్గరికి వచ్చాడు.

"మోటరు సంగతి నేను ఇడువలేదయ్యగారు," అన్నాడు. చెప్పులేసుకుంటూ, "గని సదువుడు మాత్రం సరిగ్గ సదివిండు," అన్నాడు.

ఆ రెండు మాటలనూ డైరీలో రెండు వరుసల్లో రాసుకున్నాను. కలపలేదు.