మా ఆయన మంటలార్పిన రోజు

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మార్కాపురంలో డేరా వేసి మూగబొమ్మలు, అదే మాటల్లేని సినిమా, ఆడించారు. మా ఆయన బండి కట్టించి, నన్నూ మా అత్తనూ పెద్దారవీడు నుంచి తీసుకుపోయాడు. ఆడవాళ్ల వైపు చాపల మీద కూర్చున్నాం. కథ దొరల దేశంలో మంటలార్పే వీరుడిది. మేడలు తగలబడటం, అతడు నిచ్చెనెక్కి సొమ్మసిల్లిన దొరసానిని భుజాన వేసుకుని దిగటం. తెర పక్కన ఒకాయన నిలబడి, గొంతు చించుకుని అంతా తెలుగులో చెప్పాడు. ఆ దొరసాని అన్నిసార్లు మంటల్లోకి ఎందుకు పోతుందో మాత్రం చెప్పలేదు.

ఆ రోజు నుంచి మా ఆయన నడకే మారిపోయింది. దొడ్లోని నిచ్చెనను తెచ్చి ఇంటి ముందు పెట్టాడు.

"ఎక్కేదానికి మేడ యాడుందిరా?" అని మా అత్త అడిగితే, "ఆపద చెప్పి వస్తాదా?" అన్నాడు.

వచ్చింది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మా చొప్పవామి అంటుకుంది. పక్కనే కొట్టంలో రెండు ఎనుములు కట్టేసి ఉన్నాయి. నేను కేక పెట్టాను. మా ఆయన పరుగున వచ్చి, మంటను ఒకసారి చూసి, నేరుగా ఇంట్లోకి దూరాడు. ఇంటికి మంట తగల్లేదు. అది మట్టిమిద్దె, అంత తేలిగ్గా అంటుకునేదీ కాదు. లోపల మా అత్త సంగటి తింటోంది. ఆమెను అమాంతం భుజాన వేసుకుని బయటికి వచ్చాడు.

"దించురా నన్ను! ముందు పోయి ఎనుముల్ని ఇప్పు!" అని ఆమె ఎంగిలిచేత్తోనే వీపు మీద గుద్దుతోంది.

"భయపడొద్దమ్మా, నేనుండా కదా!" అంటూ ఆయన వీధి చివరిదాకా దించలేదు.

నేను కొడవలి తీసుకుని కొట్టంలోకి పోయి పలుపులు కోశాను. ఎనుములు బయటపడ్డాయి. నా మోచెయ్యి కాలింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోశారు. గొర్రెలు తోలుకుపోతున్న వాళ్లు ఆగి మన్ను చల్లారు. సగం వామి మిగిలింది.

సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట: "తల్లిని మంటల్లోనించి మోసుకొచ్చినాడంట!" మా ఆయన కాదనలేదు. నేను చేతికి వెన్న రాసుకుంటుంటే చూసి, "అయ్యో, ఇదెట్ల కాలింది?" అన్నాడు.

"పొయ్యి దగ్గర," అన్నాను.

వింత ఏమిటంటే, ఆయన వీపు మీద గుద్దులు గుద్దిన మా అత్త కూడా వచ్చినవాళ్లందరికీ అదే కథ చెప్పింది. చెప్పేకొద్దీ మంటలు ఇంట్లోకి, ఆమె పక్క దాకా వచ్చాయి.

ఉండబట్టలేక ఒకరోజు అడిగాను. "అత్తా, నువ్వు సంగటి తింటా ఉంటివి గదా. మంట యాడుంది నీ దగ్గర?"

ఆమె నములుతున్న వక్కను బుగ్గ వైపుకు తోసింది.

"మా నాయన పోయినాక నన్ను ఎత్తుకున్నోళ్లెవరే?" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నువ్వు ఎనుముల్ని ఇప్పింది నేను చూసినాలే."

ఆ చూసిన సంగతి నాకు మాత్రమే చెప్పింది.