రాజ్యవతి గారి మంచినీళ్ళు

2008 జనవరిలో నన్ను పిల్లల విభాగం నుంచి పక్షవాతం రోగుల రీహాబ్ విభాగానికి సీనియర్ స్పీచ్ పాథాలజిస్టుగా మార్చారు. మా ఆసుపత్రి ఈ పరాయిదేశంలో అరోరా అనే ఊరికి దగ్గరే. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఎక్కువ కాబట్టి నా వల్ల భాష ఇబ్బంది తీరుతుందని పైవాళ్ళు అనుకున్నారు. భాష తెలిస్తే మనిషి తెలిసినట్టేనని ఆసుపత్రులవాళ్ళకి ఒక గట్టి నమ్మకం.

స్పీచ్ పాథాలజిస్టు అంటే నత్తి పోగొట్టేవాళ్ళని మనవాళ్ళలో చాలామంది అనుకుంటారు. మా పనిలో సగం మాట కాదు, మింగడం. గొంతులో గాలి దారి, అన్నం దారి పక్కపక్కనే ఉంటాయి. మింగే క్షణంలో గాలి దారి మీద ఒక మూత పడాలి. ఆ మూత ఆలస్యంగా పడితే నీళ్ళు అటు వెళ్తాయి, మనం దగ్గుతాం. దాన్నే పొలమారడం అంటాం. ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిమీద తడతాం. పక్షవాతం వచ్చినవాళ్ళలో కొందరికి ఆ దగ్గు కూడా రాదు. నీళ్ళు చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి, న్యుమోనియా వస్తుంది. మా వృత్తి మొత్తం ఆ చప్పుడులేని నీళ్ళ చుట్టూ తిరుగుతుంది.

రాజ్యవతి గారు మా విభాగానికి ఆ ఫిబ్రవరిలో వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. మూతి ఎడమవైపుకి కొంచెం జారింది, మాట ముద్దగా ఉంది, అయినా అర్థమవుతోంది. నేను తెలుగులో పలకరించగానే మొదట అడిగింది, "అమ్మాయ్, మంచినీళ్ళిస్తావా?" అని. అంతకుముందున్న ఆసుపత్రిలో ఆవిడకి నీళ్ళలో ఒక పొడి కలిపి గంజిలా చిక్కబరిచి ఇచ్చారు. చిక్కటి నీళ్ళు నెమ్మదిగా దిగుతాయి, మూత పడటానికి వ్యవధి దొరుకుతుంది. శాస్త్రం సరైనదే. ఆవిడ మాత్రం ఆ కప్పు వైపు చూసి, "ఇది నీళ్ళు కాదమ్మా, జిగురు. మీసం అంటించుకోడానికి పనికొస్తది," అన్నారు.

ఆ మాట హాస్యానికి అన్నది కాదు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆవిడ మీసం అంటించుకునే బతికారు. తెనాలి ప్రాంతంలో ఒక పద్యనాటక సమాజంలో పదేళ్ళ వయసులో బాలవేషంతో మొదలుపెట్టి, ఇరవై రాకముందే మగవేషాలకి వెళ్ళారు. కిరీటం, భుజకీర్తులు, పద్యం చివర ఊపిరి ఆగిపోతుందేమో అనిపించేంత రాగం. నాటకాల పాకలో జనం వన్స్ మోర్ అంటే మళ్ళీ అదే పద్యం, మళ్ళీ అదే రాగం. పెట్రోమాక్స్ దీపాల కాలంలో మైకు లేకుండా చివరి వరసకి వినిపించిన గొంతు. తర్వాత మైకులొచ్చాయి, ఆ తర్వాత సినిమాహాళ్ళొచ్చాయి, పాకలు ఖాళీ అయ్యాయి. ఆవిడ రెండు మూడు సినిమాల్లో పేరులేని తల్లి వేషాలు వేసి, "అక్కడ నిలబడటం తప్ప పనేమీ లేదు," అని తిరిగొచ్చేశారట. సమాజాన్ని చివరిదాకా తానే నడిపారు. ఇదంతా నాకు వాళ్ళబ్బాయి మురళి చెప్పాడు. యాభై ఏళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తల్లి పాత ఫోటో ఒకటి ఫోన్‌లో పెట్టుకుని డాక్టర్లందరికీ చూపించేవాడు. ఆ మీసాల రాజు ఈ ముసలమ్మేనంటే వాళ్ళు మర్యాదగా తలూపేవారు.

మురళి నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మళ్ళీ పద్యం పాడగలుగుతుందాండీ?" అని. మంచం మీంచి ఆవిడే జవాబు చెప్పారు. "పద్యం సంగతి తర్వాత చూద్దాంలే. ముందు నీళ్ళు."

మింగడాన్ని ఎక్స్‌రే కింద చూసే పరీక్ష ఒకటి ఉంది. ఎక్స్‌రేలో కనపడేలా బేరియం కలిపిన నీళ్ళు, పెరుగులాంటిది, బిస్కెట్టు వరసగా ఇచ్చి, గొంతులో ఎటు వెళ్తున్నాయో తెరమీద వీడియోగా చూస్తాం. ఆవిడకి తల నిటారుగా ఉంటే నీళ్ళు కొద్దిగా దారి తప్పుతున్నాయి, దగ్గు రావటం లేదు. గడ్డం ఛాతీ వైపు దించి కప్పుతో గుటక గుటకగా తాగితే ఒక్క చుక్క కూడా తప్పటం లేదు. అంతకన్నా స్పష్టమైన ఫలితం ఉండదు. చిక్కటి నీళ్ళు ఆపేయండి, గడ్డం దించి మామూలు నీళ్ళు తాగనివ్వండి అని సిఫారసు చేశాను. ఆ రోజు ఆవిడ కప్పెడు నీళ్ళు నా ఎదుట తాగి కళ్ళు మూసుకున్నారు. నాకు చాలా సంతోషమేసింది.

పది రోజులు తిరక్కుండా న్యుమోనియా వచ్చింది. మందులతో తగ్గింది. మార్చిలో మళ్ళీ వచ్చింది, ఈసారి బాగా ఎక్కువగా.

మా దగ్గర సిఫారసు మాత్రమే మాది. నిర్ణయం అటెండింగ్ డాక్టరుది, అంటే ఆ రోగికి పూర్తి బాధ్యత వహించే పెద్ద డాక్టరుది. ఆయన చెడ్డవాడేమీ కాదు, తొందర మనిషి. పరీక్షలో ఒకపూట బాగా మింగినంత మాత్రాన రోజంతా అలాగే మింగుతుందని అనుకోలేం, ఇంకొక న్యుమోనియాని ఈ వయసులో తట్టుకోలేదు, నోటి నుంచి అన్నీ ఆపేసి పొట్టలోకి గొట్టం వేద్దాం అన్నారు. ఆ గొట్టం గుండా ఆహారం, నీళ్ళు నేరుగా కడుపులోకి వెళ్తాయి. నాలుక మీద ఇంక ఏదీ పడదు. సోమవారానికల్లా ఏ సంగతీ తేల్చి చెప్పమని మురళికి గడువు పెట్టారు.

మురళి ఆ మాట తల్లికి చెప్పినప్పుడు నేను గదిలోనే ఉన్నాను. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. "నోరు మూసేస్తారన్నమాట," అన్నారు. కొడుకు వైపు తిరిగి, "వద్దురా. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు. నోటితో తాగి పోతాను," అన్నారు. మురళి బయటికొచ్చి కారిడార్‌లో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "వద్దంటే నేనే చంపినట్టవుతుంది. సరేనంటే... ఆవిడ నాతో మాట్లాడదండీ ఇంక. మీరు చేసిన టెస్ట్ కరెక్టేనా, హానెస్ట్‌గా చెప్పండి," అన్నాడు.

నాకు రోషం వచ్చింది. వీడియో మళ్ళీ వేసుకుని చూశాను. పరీక్ష సరైనదే. మరి నీళ్ళెక్కడ తప్పుతున్నాయి? కోడలు సునీతని అడిగాను, ఇంటినుంచి తెచ్చిన భోజనం పెట్టేటప్పుడు అత్తగారు నీళ్ళు ఎలా తాగుతున్నారని. "మామూలుగానే తాగుతారండి," అంది. నర్సుల్ని అడిగితే గడ్డం దించి కప్పుతోనే తాగుతోందన్నారు. అందరూ నిజమే చెప్పారు.

శనివారం నా డ్యూటీ కాదు. అయినా మధ్యాహ్నం భోజనం వేళకి వెళ్ళి, తలుపు పక్కన ఆవిడకి కనపడకుండా నిలబడ్డాను. నర్సు ఇచ్చిన ప్లాస్టిక్ కప్పుతో ఆవిడ గడ్డం దించి రెండు గుటకలు తాగారు. నర్సు వెళ్ళిపోయింది. సునీత సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి నీళ్ళు పోసి ఇచ్చింది. ఆవిడ ఆ గ్లాసుని పెదవికి తగలకుండా జానెడు పైకెత్తి, తల వెనక్కి వాల్చి, ధారగా గొంతులోకి పోసుకున్నారు. అరగ్లాసు. ఒక్క దగ్గు లేదు. మూసుకోవలసిన మూతని బార్లా తెరిచిపెట్టి నీళ్ళు పోసినట్టే అది. సునీతకి అందులో చెప్పుకోవలసినదేమీ కనపడలేదు. వాళ్ళింట్లో అందరూ ఎత్తిపోసుకునే తాగుతారు. మా అమ్మా అలాగే తాగేది.

కారణం దొరికిందని పొంగిపోయి డాక్టరుకి ఫోన్ చేశాను. దాంతో వ్యవహారం ఇంకా చెడింది. చెప్పినట్టు చేయని రోగి అయితే గొట్టం వేయడానికి అది ఇంకొక కారణం అన్నారాయన. కేసు పత్రాల్లో అలాంటి రోగికి ఒకే మాట వాడతారు, నాన్-కంప్లయంట్ అని. మాట వినని మనిషి అని అర్థం. సాయంత్రానికి ఆ మాట రాజ్యవతి గారి పేరు పక్కన చేరింది.

ఆదివారం పొద్దున్నే వెళ్ళి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నా కోపం దాచుకోలేదు. "నర్సు ముందు ఒకలా, వెనకొకలా తాగుతున్నారు. ఎందుకండీ?" అన్నాను.

"మీ ముందు చేసేది రిహార్సలమ్మా," అని నవ్వారు. తర్వాత ఆ నవ్వు పోయింది.

వాళ్ళాయన సమాజంలో హార్మోనిస్టు. ఆవిడ శ్రుతి ఆయన వేళ్ళకి తెలుసు. ఏ పద్యానికి ముందు ఎంత ఊపిరి పట్టాలో ఆయన పెట్టె మీద మెట్టు నొక్కిన తీరులోనే చెప్పేవారట. తెర వెనక ఒక కుండ, ఒక గ్లాసు ఉండేవి. అందరూ అందులోనే తాగేవారు. ఆవిడ మటుకు మీసం, రంగు చెదరకుండా ఎత్తిపోసుకునేవారు. ఆయనకి క్షయ వచ్చింది, మందులు అందేసరికి ఆలస్యమైంది. మురళికి అప్పుడు మూడేళ్ళు. ఆయన పోయిన ఏడాదికి సమాజంలో ఇంకో ఇద్దరు అదే జబ్బుతో పోయారు, ఒకరు పదిహేనేళ్ళ ఆడపిల్ల. ఆ తర్వాత సమాజం ఆవిడ చేతికొచ్చింది. ఆవిడ పెట్టిన మొదటి కట్టుబాటు, గ్లాసుకి పెదవి తగిలినవాళ్ళకి వేషం లేదు. ఎంత పెద్ద నటుడైనా సరే. సమాజం మూతపడే దాకా ఆ మాట నిలిచింది.

నేను వైద్య వృత్తిలో ఉన్నదాన్ని. క్షయ గ్లాసు వల్ల అంటదనీ, దగ్గినప్పుడు గాలిలోంచి అంటుతుందనీ నెమ్మదిగా చెప్పాను.

"తెలుసమ్మా," అన్నారు. "గుంటూరు డాక్టరు గారు అప్పుడే చెప్పారు. తెలిసినా ఏం లాభం? చెయ్యి దానంతటది లేస్తది. ఆ స్టీలు అంచు పెదవికి తగిలిందా, ఆయన పెదవి తగిలినట్టుంటది. చల్లగా. ఆఖరిరోజు ఆ పెదవులు తుడిచింది నేనే కదా."

ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. చేసిన బోధనంతా ఒక తెలియనితనాన్ని పోగొట్టడానికి చేశాను. ఆవిడకి తెలియనిదేమీ లేదు.

మా వృత్తిలో ఒక చిన్న ఉపాయం ఉంది. కప్పు అంచులో ఒక పక్క అర్ధచంద్రాకారంగా కత్తిరిస్తే, కప్పు ఎత్తినప్పుడు ఆ అంచు ముక్కుకి తగలదు. ముక్కుకి తగలకపోతే తల వెనక్కి వంచే అవసరం రాదు. ప్లాస్టిక్‌వి కొనుక్కోవచ్చు. నేను నర్సుల గదిలోంచి కాగితం కప్పుల కట్ట ఒకటి, కత్తెర ఒకటి తెచ్చుకున్నాను. ఆవిడ ఎదుటే ఒకటి కత్తిరించి చేతికిచ్చాను. "ఇది కాగితం. దీన్ని ఇంతవరకు ఎవరూ తాకలేదు. మీరు తాగాక ఎవరూ తాకరు. నలిపి పారేయండి," అన్నాను.

ఆవిడ ఆ కప్పుని తిప్పి తిప్పి చూశారు. అంచుని బొటనవేలితో తడిమారు. పెదవికి ఆనించారు. గడ్డం దించి ఒక గుటక, ఆగి ఇంకొకటి. తాగడం అయ్యాక కప్పుని అరచేతిలో ఉండచుట్టి, "ఇంకోటి కత్తిరించు," అన్నారు.

సోమవారం పొద్దున డాక్టరు గారిని ఇంకొకసారి ఎక్స్‌రేకి ఒప్పించాను. గొట్టం సంగతి ఆ పరీక్ష తర్వాతే తేలుద్దామన్నారు, ఆ మాత్రం పెద్దమనిషి తరహా ఆయనలో ఉంది. ఈసారి ముందు స్టీలు గ్లాసుతో, ఆవిడ అలవాటు ప్రకారమే చూపించాను. బేరియం నల్లగా గాలి దారిలోకి దిగటం ఆయన కళ్ళారా చూశారు. తర్వాత కాగితం కప్పు. ఒక్క చుక్క తప్పలేదు. రాజ్యవతి గారు తెరవైపు తల తిప్పి, తన గొంతుని మొదటిసారి చూసుకున్నారు. "ఇంత సన్నదా?" అన్నారు.

గొట్టం వేయలేదు. ఆవిడ ఏప్రిల్‌లో కొడుకింటికి వెళ్ళారు. మురళి వారానికి సరిపడా కప్పులు ఒకేసారి కత్తిరించి పెట్టేవాడు. మళ్ళీ న్యుమోనియా రాలేదు. ఆవిడ తిరిగి పద్యం పాడలేదు, నేనూ అడగలేదు. మరుసటి ఏడాది చలికాలంలో రెండోసారి పక్షవాతం వచ్చి పోయారు. ఆ పొద్దున కాఫీ తాగారని మురళి ఫోన్‌లో చెప్పాడు.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా రోగిని ఎలా తాగుతారని అడగడం మానేశాను. వాళ్ళింటి గ్లాసు తెప్పించి, తాగమని చూశాను. నా దగ్గర శిక్షణకి వచ్చినవాళ్ళని నాన్-కంప్లయంట్ అన్న మాట రాయనివ్వలేదు. ఆ మాట రాయబోయిన చోట కారణం రాయమన్నాను. కారణం తెలియకపోతే, తెలియదని రాయమన్నాను.