బండి మీద పడవ ఇంకా దింపలేదు

నిన్న పొద్దున ఫోన్ మోగింది. సూరిబాబు అని పేరు పడింది.

ఎత్తగానే "టిఫిన్ తిన్నావేంట్రా" అన్నాను.

అవతల గొంతు వాడిది కాదు.

"అమ్మా, ఈ ఫోను మీ అబ్బాయిదేనాండి?" అన్నారెవరో.

ఆ తర్వాత ఆయన చాలా చెప్పారు. నాకు లారీ అన్న మాట ఒక్కటే వినపడింది.

మా సూరిబాబు లేడండి.

నేను వాళ్ళమ్మని, సత్యవతిని. వాడి ఫోన్‌లోంచే ఈ గ్రూపులో రాస్తున్నాను, వాడి ఫ్రెండ్సందరూ ఇందులోనే ఉంటారని. నా చదువు ఐదో క్లాసు. తప్పులుంటే ఏమనుకోకండి.

మీ అందరికీ వాడి వ్యాన్ తెలుసు. పైన ఇనప క్యారియర్, దాని మీద మా చిన్న పడవ. గోదావరిలో చేప పడకపోతే కాలవకి, కాలవలో లేకపోతే పొలాల నీళ్ళు పోయే డ్రెయిన్‌కి. ఎక్కడ చేపుంటే అక్కడికి పడవని మోసుకుపోయేవాళ్ళం, నేనూ వాడూ.

మొదటిసారి వాడు పడవని బోర్లించి కడుతుంటే నేను ఒప్పుకోలేదు. వాళ్ళ నాన్న పోయిన రోజు ఆయన పడవని గట్టు మీద బోర్లించారు. మా వాళ్ళలో అంతే, మనిషి పోతేనే పడవ బోర్లిస్తారు.

"బతికున్నోడి పడవ బోర్లిస్తావేంట్రా, బుద్ధుందా?" అని అరిచాను.

"తిన్నగా పెడితే గాలికి లేచిపోద్దమ్మా. వానొస్తే నిండిపోద్ది. అప్పుడు మనం వ్యాన్‌లోనే వల వెయ్యాలి" అని నవ్వాడు.

నవ్వితే ఇంకేమంటాను? రోజూ బయల్దేరే ముందు పడవ ముక్కుకి కుంకుమ పెట్టేదాన్ని. అదొక్కటే నా చేతిలో ఉంది.

ఎక్కించేటప్పుడు ముందు కొస వాడిది, వెనక కొస నాది. క్యారియర్ కమ్మీలకి పాత ట్యూబు ముక్కలు చుట్టాడు, పడవ గీసుకోకుండా. "నెత్తి మీద పెట్టుకోకమ్మా, భుజం ఇయ్యి" అనేవాడు. ఒక్కళ్ళ వల్ల అయ్యే పని కాదది.

ఒకసారి వంతెన ఎక్కుతుంటే తాడు సడలి పడవ ముక్కు అద్దం మీదికి జారింది. రోడ్డు కనపడలేదు. బండి ఆపించాను. కిందకి దిగి వాడి వీపు మీద ఒక్కటేశాను.

"బండి కదిలాక తాడు సాగుద్దిరా. కొంచెం దూరం పోయాక ఆగి చూసుకోవాలి. నేనున్నా లేకపోయినా ఆగాలి."

ఆ రోజు నుంచి వంతెన ముందు చింతచెట్టు దగ్గర ఆగేవాడు. దిగి ముందు తాడు, వెనక తాడు లాగి చూసేవాడు. ఆ చోటుకి 'అమ్మ స్టాప్' అని పేరు పెట్టాడు. "అమ్మ స్టాప్ వచ్చింది, టికెట్లు తియ్యండి" అనేవాడు, బండిలో నేనొక్కదాన్నే ఉన్నా సరే.

నిన్న నాకు ఒళ్ళు వెచ్చగా ఉందని రావద్దన్నాడు. పక్కింటి నాగరాజు సాయం పట్టి పడవ ఎక్కించాడు. కుంకుమ పెట్టడానికి నేను లేచేసరికి వ్యాన్ వీధి మలుపు తిరిగిపోయింది.

నేను బండిలో లేను. ఆగకపోతే అడిగేవాళ్ళు లేరు.

అయినా ఆగాడు. చింతచెట్టు దగ్గరే. దిగి తాడు లాగి చూస్తుంటే లారీ రాసుకుంటూ పోయిందట.

నేను చెప్పిన మాట విన్నాడండి నా కొడుకు.

నిన్న సాయంత్రం ఎవరో వ్యాన్ తెచ్చి ఇంటి ముందు పెట్టారు, వాడి ఫోన్ నా చేతికిచ్చారు. పడవ మీద ఒక్క గీత లేదు. కొంచెం కూడా జరగలేదు. బోర్లా, అలాగే ఉంది. ఇప్పుడు దాన్ని తిప్పమని ఎవరితో చెప్పను? బోర్లించినదానికి తగ్గట్టే అయింది కదా.

పెద్దవాళ్ళు "తాళ్ళు కోసి దింపెయ్యండి, చూడలేకపోతున్నాం" అన్నారు. నాగరాజు కత్తి తెచ్చాడు కూడా. నేను వ్యాన్‌కి అడ్డం నిలబడ్డాను.

ఆ ముడులు వాడి చేతులు వేసినవి. వాడి చేతులు ఇంకెక్కడా లేవు నాకు.

హాస్పిటల్ నుంచి వాడిని ఇవాళ మధ్యాహ్నానికి తెస్తారట. వ్యాన్ గుమ్మం ముందే ఉంటుంది. పడవ పక్క నుంచే లోపలికి వస్తాడు.

సాగనంపి వచ్చాక దింపుదాం. వాడి ఫ్రెండ్స్ ఎవరైనా ఒకరు ముందు కొస పట్టండి బాబూ. వెనక కొస నేను పడతాను. ఎవరూ కత్తి తేవద్దు. ఆ ముడి వాడికి నేర్పింది నేనే, నేనే విప్పుతాను.

సూరిబాబూ, నా తండ్రీ.

తాళ్ళన్నీ లాగి చూశానురా. గట్టిగానే ఉన్నాయి.

ఇంకెక్కడా ఆగకు. నెమ్మదిగా, ఏ భయం లేకుండా వెళ్ళు.