వరప్రసాదరావు గారి మేనరికపు చెరకు

మునగపాక చుట్టుపక్కల చెరకు ఊళ్లలో వరప్రసాదరావు గారి మూడు ఘనతలు వినని చెవి లేదు. విననంటే ఆయన ఊరుకోరు కూడా.

మిషను బడిలో ఐదో తరగతి వరకు చదివి, అనకాపల్లి దగ్గర ఒక చెరకు ఫారంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశారు. మొదటి ఘనత, పద్నాలుగు వందల పన్నెండు చెరకు పువ్వులకు తన చేత్తో జత కుదర్చడం. రెండోది, శారదా ఏరు పొంగిన ఏడాది నూట ఎనభై మొలక కుండీలను ఒంటరిగా చర్చి డాబా మీదికి మోయడం. మూడోది, ఢిల్లీ నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు ఆయనతో చేయి కలపడం. కలిపిన వెంటనే ఆ ఆఫీసరు జేబురుమాలు తీసి చేయి తుడుచుకున్నాడు. ఆ ముక్క మాత్రం భార్య రూతమ్మ చెప్పాల్సిందే.

రూతమ్మ తమ్ముడు జాన్ బాబుకు అనకాపల్లి మార్కెట్టులో బెల్లం కొట్టు ఉంది. చర్చి సంఘం సెక్రటరీ కూడా అతనే. బావ నోరు తెరిస్తే చాలు, "మూడోది నిన్న అయిపోయింది బావా, ఈవేళ రెండో దాంతో మొదలెట్టు" అనేవాడు.

నాలుగో ఘనత కోసం ఆయన ఆరేళ్లుగా పడుతున్న పాట్లు జాన్ బాబుకు తెలుసు. ఎందుకంటే అవి పడుతున్నది చర్చి వెనక స్థలంలోనే.

దానికి మొదలు గొలుగొండ కొండల మీద ఉంది. రిటైరయ్యే ఏడాది అడవి రెల్లు దుబ్బులు తెమ్మని ఫారం వాళ్లు ఆయన్ని అక్కడికి పంపారు. మండుటెండల రోజులు. కొండంతా ఎండిపోయి ఉంటే, రాళ్ల సందున ఒక్క గుబురు మాత్రం పచ్చగా నిలబడి ఉంది. పక్క చేనులో రాగులు వేసుకునే కొండతల్లి అనే ఆవిడను, అదేమిటని అడిగారు.

"ఇటు వాగుపక్క రెల్లు. అటు రాళ్లల్లో మోటుగడ్డి. రెల్లు నీళ్లల్లో నానినా సావదు, మోటుగడ్డి ఎండల్లో మాడినా సావదు. రెండూ దగ్గర సుట్టాలే కదా. గాలొచ్చినప్పుడు పుప్పొడి ఇచ్చిపుచ్చుకున్నాయి. ఇది వాటికి పుట్టిందే. ఎండైనా వానైనా దీనికి ఒకటే బాబూ" అంది కొండతల్లి.

"నువ్వేటి, ఏ కాలేజీలో సదివేవు?"

"మా కోళ్లు అడివి పుంజుల్తో తిరగవేటి? పిల్లల్ని సూత్తే తెల్దా?"

ఆయన రెండూ తవ్వి తెస్తే, ఫారం వాళ్లు రెల్లు తీసుకుని, లిస్టులో లేదని ఆ గుబురును పక్కన పెట్టారు. పక్కన పెట్టినదాన్ని వరప్రసాదరావు గారు తువ్వాల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చేసుకున్నారు.

ఇక మొదలైంది సంబంధాలు కలపడం. చెరకు పువ్వు పొద్దున ఎండ తగిలే వేళకు పుప్పొడి రాలుస్తుంది. కొండ గుబురు పువ్వును కాడతో కోసి నీళ్ల కుండలో నిలబెట్టి, తియ్య చెరకు పువ్వు పక్కన చేర్చి, పరాయి పుప్పొడి రాకుండా రెండింటికీ కలిపి తెల్లగుడ్డతో డేరా కట్టాలి. ఆ తెల్లగుడ్డ రూతమ్మ ఆదివారం చీర.

పుట్టిన మొక్క ఉక్కులా ఉంది. నమిలితే పన్ను విరిగింది తప్ప నోరు తీపెక్కలేదు.

"అడివి పిల్లని తెచ్చి తియ్య సెరుకింట్లో ఇచ్చేను. బిడ్డకి ఒళ్లు అడివిది, తీపి లేదు. అందుకని ఆ బిడ్డని మళ్లీ తియ్య సెరుకింటికే ఇత్తాను. ఆ పుట్టినదాన్నీ అక్కడికే. మేనరికం మీద మేనరికం. ఒళ్లు అడివిది ఉండిపోద్ది, తీపి ఇంటిది వచ్చేత్తది" అని ఆయన సంఘానికంతా వివరించారు.

"మేనరికాలకి పిచ్చిపిల్లలు పుడతారంటారు బావా" అన్నాడు జాన్ బాబు.

"మీ అమ్మా నాన్నదీ మేనరికవే కదరా. నిన్ను సూత్తే నిజవేననిపిత్తాది."

రెండు వేల రెండులో వానలు మొహం చాటేశాయి. ఊళ్లో చెరకు వేలి లావున ఆగిపోయింది. చర్చి వెనక మాత్రం మూడో తరం మేనరికపు చెరకు తలెత్తుకుని నిలబడింది. ఊళ్లో గేదెలన్నీ ప్రహరీ మీదుగా మెడలు చాచి చూసేవి. వరప్రసాదరావు గారు వాటికి కూడా మూడు ఘనతలు వినిపించారని రూతమ్మ అంటుంది.

సరిగ్గా అప్పుడే జాన్ బాబు, ఆ స్థలంలో స్కూటర్లకు షెడ్డు వేయాలని సంఘంలో తీర్మానం చేయించాడు.

"పచ్చగుంటే సాలదు బావా. సెరుకంటే బెల్లం అవ్వాల. కోత పండక్కి నీ సెరుకుతో దిమ్మ కట్టి అర్పణ బల్లమీద పెట్టు. షెడ్డు మానేత్తాను. లేదంటే సోమారం పొద్దున్న గునపాలు దిగుతాయి."

"రెండు దిమ్మలు పెడతాను" అన్నారు వరప్రసాదరావు గారు. తీపి పూర్తిగా రావాలంటే ఇంకొక్క మేనరికం కావాలని ఆయన మనసుకు తెలుసు. కానీ ఆ మనసును ఎప్పుడు అడిగారు గనక?

పండగ ముందు శనివారం పొద్దున్నే, ఊళ్లో బెల్లం వండే అప్పలరమణ పెనం మీద రసం ఎక్కించారు. మడ్డి తీశారు, సున్నం వేశారు, మధ్యాహ్నం దాకా తిప్పారు. పాకం చుక్క నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి. అది నీళ్లలో హాయిగా కాళ్లు చాపుకుని పడుకుంది.

"మామా, రంగు బాగుంది, రుసి బాగుంది. గట్టితనవే లేదు" అన్నాడు అప్పలరమణ.

"సల్లారితే కడతాది."

చల్లారాక అది హల్వాకు పెద్దన్నలా తయారైంది. గిన్నె ఎటు వంచితే అటు వచ్చింది. ఆయన ఇంటికి వచ్చి, అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆదివారం పొద్దున రూతమ్మ గుడ్డ కప్పిన పళ్లెం చేతికిచ్చింది. గుడ్డ తీస్తే పసిడి రంగు దిమ్మ, కొడితే ఖంగుమంటుంది.

"తెల్లారేసరికి గట్టిపడింది" అంది ఆవిడ, కళ్లు పాటల పుస్తకంలో పెట్టి.

ఆయన నమ్మేశారు. నమ్మాలని అంత ఇదిగా ఉన్నవాడికి ఎవరు ఏం చెప్పగలరు?

ఆరాధన అయ్యాక అర్పణలు వేలం వేశారు. గుమ్మడికాయలు, కోళ్లు, వడ్ల బుట్టలు పోయాయి. దిమ్మను జాన్ బాబు పాడుకున్నాడు. చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకుని, మరో ముక్క బావ చేతిలో పెట్టాడు.

"గెలిసేవు బావా. లెగిసి సాచ్చెం సెప్పు."

ముక్క నాలుక మీద పడగానే వరప్రసాదరావు గారికి అంతా అర్థమైపోయింది. ఇది ఉప్పునేల తగలని, నిండా నీళ్లు తాగిన తోట చెరకు బెల్లం. అడవి వాసన రవ్వంతైనా లేదు. రూతమ్మ వైపు చూశారు. ఆవిడ పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని శ్రద్ధగా చదువుకుంటోంది.

సాక్ష్యానికి లేచారు. మొదటి ఘనత చెప్పారు. రెండోది చెప్పారు. మూడోది చెప్పారు, ఈసారి జేబురుమాలుతో సహా. జనం నవ్వారు. నాలుగోది చెప్పాల్సిన చోట ఆగిపోయారు. చెప్తే స్థలం దక్కుతుంది. కానీ ఎవడో ఊరూ పేరూ లేనివాడు వండిన బెల్లాన్ని తీసుకొచ్చి తన పద్నాలుగు వందల పన్నెండు పువ్వుల పక్కన కూర్చోబెట్టాలా? ఆయన పొగరు దానికి ఒప్పుకోలేదు.

"నాలుగోది లేదు. ఇది నా బెల్లం కాదు. నాది ఇంటికాడ గిన్నెలో ఉంది. దిమ్మ కట్టనేదు. ఇంకొక్క తరం తక్కువయ్యింది" అని కూర్చున్నారు.

జాన్ బాబు నింపాదిగా లేచాడు. "నా కొట్టు దిమ్మ నాకు తెలీదేటి బావా. నిన్న సాయంత్రం మా అప్పే వచ్చి పట్టుకెళ్లింది. నువ్వేటి సెప్తావో విందావని ఊరుకున్నాను."

"ఆ మాట ముందే సెప్పొచ్చు కదరా" అంది రూతమ్మ.

"సెప్తే వేలం అయ్యీదేటి అప్పా?"

మాట మాటే. సోమవారం గునపాలు దిగాయి. ముందు చెరకు నరికారు. గేదెలకు మేత కావాలని ఒకడు, ఊరికే అని ఒకడు, ఇంటికో మోపు పట్టుకుపోయారు. తర్వాత దుబ్బులు పెకలించబోయారు. నలుగురు మనుషులు మధ్యాహ్నం దాకా మూడడుగులు తవ్వినా వేళ్లు ఇంకా కిందికే పోతున్నాయి. ఒక గునపం వంగిపోయింది.

"బావా, ఇది గడ్డా, పగా?" అన్నాడు జాన్ బాబు చెమట తుడుచుకుంటూ.

"రెండు అడివి సుట్టాలు కిందనుంచి పట్టుకున్నాయి. ఒదలమను సూద్దాం" అన్నారు వరప్రసాదరావు గారు. ఆయన ముఖంలో ఓడినవాడి కళ ఏమీ లేదు.

గొయ్యి పూడ్చేసి అందరూ ఇళ్లకు బయలుదేరారు. జాన్ బాబు స్కూటరు ముందు గోనెసంచి ఉబ్బెత్తుగా కనిపించింది.

"ఏటది?"

"గేదెకి మేత."

ఆయన సంచి మూతి విప్పి చూశారు. "మీ గేదె మేతని మూడేసి కళ్ల ముచ్చెలుగా కోసుకుని తింటాదేటి? ముచ్చెలు నాటుకోడానికి కోత్తారు గానీ."

జాన్ బాబు కిక్కు కొట్టడం మొదలెట్టాడు. మూడో కిక్కుకు స్కూటరు కదిలింది.

షెడ్డు వేశారు. ఆషాఢం వానలకు దాని గచ్చు బీటలిచ్చి, పచ్చటి మొలకలు రెండు పైకి వచ్చాయి. సెక్రటరీ గారు స్కూటరును ఎండలో పెట్టడం మొదలుపెట్టారు. కార్తీకం నాటికి జాన్ బాబు చేలో చెరకు పూత వేసింది. ఆ కబురు విన్న పొద్దున వరప్రసాదరావు గారు వీధిలో తాడు మీద ఆరుతున్న తెల్లచీర వైపు అదోలా చూస్తుంటే, రూతమ్మ చీర తడిగానే తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.